ప్లంబరు

ప్లంబరు అనగా గృహములలోను, ఇతర కట్టడములలోను మంచినీటి గొట్టములు, కుళాయిలు, స్నానగది మరియు మరుగుదొడ్డి అమరికలు, మురుగునీటి గొట్టములు బిగించి, వాటికి మరమ్మతులు చేయు వృత్తి నిపుణుడు. తెలుగునాట ఈ పనిని కుళాయి పని, పైపుల పని అని కూడా వ్యవహరిస్తారు. ఇల్లు కట్టుకొనువారికి తాపీ మేస్త్రీ, వడ్రంగి, విద్యుత్ పనివాడు ఎంత అవసరమో ప్లంబరు కూడా అంతే అవసరము. అయితే తక్కిన పనులకు, ఈ పనికి ఒక ముఖ్యమైన భేదము కలదు. గోడ వంకరగా ఉన్నా, తలుపు సరిగా పడకపోయినా కంటికి కనిపించును. ప్లంబరు పనిలో అధిక భాగము గోడలలోను, నేలక్రిందను దాగి యుండును. అందులోని లోపము నెలలకో, సంవత్సరములకో గాని బయటపడదు. అందువలన ప్లంబరును పిలుచునపుడు, పని జరుగుచున్నపుడు, గోడ మూయుటకు ముందు గృహస్థు ఏమి గమనించవలెనో తెలిసియుండుట మేలు.

== పేరు ==

ప్లంబరు అను మాట ఆంగ్లము నుండి తెలుగులోనికి వచ్చినది. దీనికి మూలము లాటిన్ భాషలోని 'ప్లంబమ్'. ఈ మాటకు సీసము అని అర్థము. ప్రాచీన రోము నగరములో నీటిని ఇండ్లకు తెచ్చు గొట్టములను సీసపు రేకులతో తయారు చేసేవారు. ఆ పని చేయువారికి ఆ లోహము పేరే స్థిరపడినది. రసాయన శాస్త్రములో సీసమునకు వాడు సంకేతము కూడా ఈ లాటిన్ పేరు నుండి వచ్చినదే.

గోడకు బిగించి తిప్పగానే నీరు వచ్చు సాధనమును ఆంధ్ర ప్రాంతములో కుళాయి లేక కొళాయి అంటారు. గొట్టము అను అర్థముగల తమిళ పదము 'కుழాయ్' దీనికి దగ్గరి చుట్టము. హైదరాబాదులోను, తెలంగాణలోని పలు జిల్లాలలోను నల్లా అను మాట వాడుకలో ఉన్నది. పంపు అని పిలుచువారు కూడా ఉన్నారు.

== చరిత్ర ==

సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారోలో ఇటుకలతో కట్టిన స్నానపు గదులు, వీధి వెంబడి మూతలుగల మురుగు కాలువలు బయల్పడినవి. గోలకొండ కోటలో నీటిని పైకెక్కించుటకు మట్టి గొట్టములు వాడిన ఆనవాళ్ళు నేటికీ కనిపిస్తాయి. ఆ కోటకు దుర్గం చెరువు నుండి మంచినీరు వచ్చేది.

మరుగుదొడ్డి ఇంటిలోపలికి రాగలుగుటకు కారణమైన ఒక చిన్న మార్పు 1775లో జరిగినది. స్కాట్లాండుకు చెందిన గడియారముల పనివాడు అలెగ్జాండర్ కమ్మింగ్ ఆ సంవత్సరము వంపు గొట్టముతో కూడిన మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. ఆ వంపులో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచి, మురుగు వాయువులు గదిలోనికి రాకుండా అడ్డుకొనును. నేడు వాష్‌బేసిన్ క్రింద కనిపించు వంపు గొట్టము, స్నానగది మూలలో ఉండు నహానీ ట్రాప్ పని చేయు సూత్రము ఇదియే.

1908లో మూసీ నదికి వచ్చిన వరదల తరువాత హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయములు నిర్మింపబడినవి. నగరపు ఇండ్లకు చాలాకాలము వీటి నీరే ప్రధానాధారము. పల్లెలలో మాత్రము బావి, చేద, గంగాళములతోనే చిరకాలము గడిచినది. తెలంగాణలో 2016 ఆగస్టులో గజ్వేల్ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ, దేశవ్యాప్తముగా 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికి కుళాయి ఇచ్చుటను లక్ష్యముగా పెట్టుకొన్నవి. ఈ మార్పుతో ప్లంబరు అవసరము పట్టణముల నుండి గ్రామములకు కూడా విస్తరించినది.

== శిక్షణ, అనుమతులు ==

పారిశ్రామిక శిక్షణ సంస్థలలో (ఐ.టి.ఐ.) ప్లంబరు వృత్తికి ఒక సంవత్సరపు శిక్షణ కలదు. అయితే ఈ పని చేయువారిలో అనేకులు ఏ పాఠశాలకు వెళ్ళక, మేస్త్రీ దగ్గర సహాయకుడిగా చేరి, చూచి నేర్చుకొన్నవారే. ధ్రువపత్రము లేనంత మాత్రమున పనితనము లేదని అనుకొనరాదు. ధ్రువపత్రము ఉన్నదని పర్యవేక్షణ మానివేయుటయు తగదు.

పురపాలక సంఘము లేక జలమండలి నుండి కొత్త కుళాయి కనెక్షను తీసుకొనుటకు మాత్రము నియమములు వేరు. వీధిలోని ప్రధాన గొట్టమునకు రంధ్రము వేసి ఇంటికి గొట్టము కలుపు అధికారము సొంతముగా తెచ్చుకొన్న ప్లంబరుకు లేదు. ఆ పనిని నీటి సరఫరా సంస్థ సిబ్బంది గాని, ఆ సంస్థ లైసెన్సు పొందినవారు గాని చేయవలెను. హైదరాబాదులో ఈ వ్యవహారములను 1989లో ఏర్పడిన మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి చూచుచున్నది. ఇతర పట్టణములలో పురపాలక సంఘము లేక నగరపాలక సంస్థ చూచును.

== ప్లంబరును పిలువక ముందు ==

కొన్ని పరీక్షలు గృహస్థు స్వయముగా చేసికొనవచ్చును. వీటివలన లోపము ఎక్కడ ఉన్నదో కొంతవరకు తెలియును. అనవసరముగా గోడ పగులగొట్టు అవసరము తప్పును.

* ప్రధాన కవాటము: ఇంటికంతటికి నీటిని ఆపు వాల్వు ఎక్కడ ఉన్నదో ఇంటిలోని ప్రతివారు తెలిసికొని ఉండవలెను. గొట్టము పగిలినపుడు మొదట చేయవలసినది ప్లంబరుకు ఫోను చేయుట కాదు, ఈ వాల్వును మూయుట. చాలాకాలము తిప్పని వాల్వు బిగుసుకుపోవును గనుక ఏడాదికి రెండు మూడు మార్లు తిప్పి చూచుట మంచిది.
* మీటరు పరీక్ష: ఇంటిలోని కుళాయిలన్నియు కట్టి, ట్యాంకులోనికి నీరు పోవుట లేదని నిర్ధారించుకొని, నీటి మీటరును చూడవలెను. ముల్లు కదలుచున్నచో మీటరుకు, ఇంటికి మధ్య ఎక్కడో నీరు కారుచున్నది.
* ట్యాంకు పరీక్ష: రాత్రి పడుకొనుటకు ముందు మేడపై ట్యాంకులో నీటిమట్టమును గుర్తించి, ఉదయము నీరు వాడక ముందే మరల చూడవలెను. మట్టము తగ్గినచో ట్యాంకు నుండి క్రిందికి వచ్చు గొట్టములలో గాని, ఏదో ఒక అమరికలో గాని లోపమున్నట్లు.
* ఫ్లష్ పరీక్ష: ఫ్లష్ ట్యాంకులో కొంచెము రంగు కలిపి, అరగంట సేపు ఫ్లష్ చేయక ఉంచవలెను. మరుగుదొడ్డిలోనికి రంగు దిగినచో ట్యాంకు లోపలి రబ్బరు మూత సరిగా పడుట లేదు. ఈ కారుట శబ్దము లేకుండా జరుగును గనుక చాలామంది గమనించరు.

కుళాయి నుండి సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలగును. నాలుగు వేల చుక్కలు ఒక లీటరుగా లెక్క వేసినచో ఇది రోజుకు 21 లీటర్లకు పైగా, సంవత్సరమునకు సుమారు 7,900 లీటర్లు. పట్టణములలో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని ప్రణాళికలలో లెక్కిస్తారు. ఆ ప్రకారము ఒక వాషరు అరిగిన కుళాయి ఒక మనిషికి రెండు నెలలకు చాలు నీటిని ఏటా కాలువ పాలు చేయును.

నీటి ధార సన్నగా వచ్చినంత మాత్రమున అది ప్లంబరు లోపము కాదు. పది మీటర్ల ఎత్తుగల నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడిని కలిగించును. పై అంతస్తులోని స్నానగదికి, దానిపైనున్న ట్యాంకుకు మధ్య మూడు మీటర్ల ఎత్తే ఉన్నచో ఒత్తిడి అందులో మూడవ వంతు కూడా ఉండదు. అట్టిచోట ఖరీదైన షవరు బిగించినను ప్రయోజనము తక్కువ. ట్యాంకును ఎత్తైన దిమ్మెపై ఉంచుటయో, ఒత్తిడి పెంచు చిన్న మోటారు పెట్టుటయో మార్గము. అంతకు ముందు కుళాయి మూతికి ఉండు జల్లెడలో ఇసుక, సున్నపు పొర చేరినదేమో విప్పి చూడవలెను. బోరు నీరు వాడు ప్రాంతములలో ఉప్పుల వలన ఇది తరచుగా జరుగును.

== ఎంపిక ==

పట్టణములలో ప్లంబరు దొరకు మార్గములు మూడు: ఇరుగుపొరుగువారి మాటపై వచ్చు స్థానిక ప్లంబరు, శానిటరీ సామాన్ల దుకాణము పంపు పనివాడు, ఫోను ద్వారా లేక యాప్ ద్వారా పనివారిని పంపు సంస్థలు. ఉదయము కూలి అడ్డాల వద్ద నిలుచువారిలో కూడా ఈ పని తెలిసినవారు ఉంటారు.

స్థానిక ప్లంబరు వలన ఒక ప్రత్యేక ప్రయోజనము కలదు. వీధిలో నీరు ఏ సమయమునకు వచ్చునో, ఎంత ఒత్తిడితో వచ్చునో, ఆ ప్రాంతపు నీరు ఏ గొట్టమును ఎంతకాలములో పాడుచేయునో అతనికి తెలియును. లోపము తిరిగి కనిపించినపుడు పిలిచిన వచ్చును. దుకాణము పంపు పనివాడికి సామగ్రి అమ్మకముపై కొంత కమీషను ఉండవచ్చును. అందులో తప్పు లేకపోయినను, ధర చూచుకొనునపుడు గృహస్థు దానిని గుర్తుంచుకొనవలెను.

ప్లంబరును ఎంచుకొనునపుడు సాధారణముగా అడుగదగిన ప్రశ్నలు:

# ఇదే విధమైన పని ఇటీవల ఎవరి ఇంటిలో చేసినారు? ఆ ఇంటివారితో మాటలాడవచ్చునా?
# గోడను లేక నేలను ఎంతమేర పగులగొట్టవలసి వచ్చును? తిరిగి పూడ్చుట, టైలు అతికించుట ఎవరి పని?
# ఏ రకము గొట్టము, ఏ కొలత వాడుదురు? ఎందుచేత?
# పని ముగిసిన తరువాత ఒత్తిడి పరీక్ష చేయుదురా?
# అదే చోట మరల కారినచో ఎన్ని నెలల వరకు ఉచితముగా సరిచేయుదురు?

లోపమును చూడక ముందే ఫోనులో మొత్తము ఖర్చు చెప్పువాని మాటకంటె, వచ్చి చూచి, 'పగులగొట్టిన తరువాతనే ఇంతవరకు తెలియును' అని చెప్పువాని మాట నమ్మదగినది.

== కూలి, ఒప్పందము ==

ప్లంబరు కూలిని మూడు విధములుగా లెక్కిస్తారు.

'''రోజు కూలి''': మేస్త్రీకి ఒక కూలి, సహాయకుడికి ఒక కూలి. ఎక్కడ లోపమున్నదో తెలియని మరమ్మతులకు ఇది తగినది. పని సాగదీసినచో గృహస్థుకు నష్టము.

'''పాయింటు లెక్క''': ఒక్కొక్క కుళాయి, షవరు, గీజరు, వాష్‌బేసిన్ మొదలైనవి ఒక్కొక్క పాయింటుగా లెక్కించి కూలి నిర్ణయిస్తారు. కొత్త ఇండ్లలో స్నానగదికి ఇంత అని కూడా మాటలాడుకొంటారు. పాయింటు అనగా ఏమేమి కలిసినవో ముందే చెప్పుకొనవలెను. వేడినీటికి, చన్నీటికి కలిపి ఒకటా, రెండా అను దగ్గరనే తగవులు ఎక్కువగా వచ్చును.

'''గుత్త''': సామగ్రితో సహా మొత్తము పనికి ఒక ధర. యజమానికి శ్రమ తక్కువ. అయితే సామగ్రి రకము, తయారీదారు, కొలతలు వ్రాసికొననిచో తక్కువ రకము వచ్చు అవకాశము ఉన్నది.

ఏ పద్ధతి అయినను ఒక కాగితముపై పని వివరము, ధర, ముగియవలసిన తేదీ, సామగ్రి ఎవరిది, శిథిలములను ఎవరు తొలగించవలెను, ఎన్ని విడతలుగా సొమ్ము ఇచ్చుట అను అంశములు వ్రాసి ఇరువురు సంతకము చేయుట మంచిది. ఇది అపనమ్మకము కాదు. మాట మరచిపోయిన దినమున ఆ కాగితము ఇద్దరిని కాపాడును. మొత్తము సొమ్ము ముందే ఇచ్చివేయుట, పని ముగిసిన తరువాత అకారణముగా కూలి ఆపుట రెండును తగనివే. పరీక్ష ముగియువరకు చివరి విడత నిలిపి, ముగిసిన వెంటనే చెల్లించుట సమంజసము.

బిల్లులో వస్తు, సేవల పన్ను (జి.ఎస్.టి.) కలిపినచో అందులో నమోదు సంఖ్య ఉండవలెను. నమోదు లేనివారు ఆ పన్నును వసూలు చేయరాదు. చిన్న ప్లంబర్లలో అనేకులకు నమోదు అవసరము ఉండదు. అట్టివారి వద్ద సామగ్రి దుకాణపు బిల్లులు వేరుగా తీసికొని, కూలికి రసీదు వ్రాయించుకొనవచ్చును.

== గొట్టములు, సామగ్రి ==

* జి.ఐ. గొట్టములు: జింకు పూత పూసిన ఇనుప గొట్టములు. 1990లకు ముందు కట్టిన ఇండ్లలో ఇవే ఎక్కువ. దెబ్బకు ఆగును గాని, కాలక్రమమున లోపల త్రుప్పు పేరుకొని దారి సన్నబడును. ఉదయము కుళాయి తిప్పగానే మొదట ఎర్రని నీరు వచ్చుట దీనికి గుర్తు.
* యు.పి.వి.సి. గొట్టములు: చన్నీటికి వాడు ప్లాస్టిక్ గొట్టములు. మంచినీటి గొట్టములకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 4985. మురుగునీటికి వాడు వాటి ప్రమాణము ఐ.ఎస్. 13592. ఒకదాని బదులు మరొకటి వాడరాదు.
* సి.పి.వి.సి. గొట్టములు: వేడినీటికి, చన్నీటికి కూడా పనికివచ్చునవి. ప్రమాణము ఐ.ఎస్. 15778. గీజరు నుండి వచ్చు దారికి మామూలు పి.వి.సి. గొట్టము వేసినచో వేడికి మెత్తబడి అతుకులు వదలును.

గొట్టముపై ప్రమాణ సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు, కొలత, తయారీదారు పేరు ముద్రించి యుండును. గోడలో పెట్టుటకు ముందే చూచుకొనవలెను. దుకాణములలో అర అంగుళము, ముప్పావు అంగుళము, అంగుళము అని పిలుచు కొలతలు వరుసగా 15, 20, 25 మిల్లీమీటర్లకు సరిపోవును.

ప్లాస్టిక్ గొట్టములను ద్రవరూపపు జిగురుతో (సాల్వెంట్ సిమెంటు) అతుకుతారు. సి.పి.వి.సి.కి వాడు జిగురు వేరు, పి.వి.సి.కి వాడునది వేరు. అతికిన వెంటనే నీరు వదలక, డబ్బాపై వ్రాసిన గడువు వరకు ఆగవలెను. తొందరపడి నీరు వదలుట అతుకులు కారుటకు ఒక ముఖ్య కారణము. మరలున్నచోట టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తారు. ఇత్తడి మర ఉన్న ప్లాస్టిక్ అమరికను మితిమీరి బిగించినచో అది నెర్రెబాసి, కొన్ని నెలల తరువాత పగులును.

సీసము పేరుతో పుట్టిన ఈ వృత్తి నేడు సీసమునే దూరము చేసికొనుచున్నది. సీసము నీటిలో కరగి శరీరములో చేరినచో ముఖ్యముగా పిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలిగించును. అమెరికాలోని ఫ్లింట్ నగరములో 2014లో నీటి ఆధారమును మార్చి, త్రుప్పును నివారించు శుద్ధి చేయకపోవుటచే పాత గొట్టముల సీసము ఇండ్లలోని నీటిలోనికి దిగినది. భారత ప్రభుత్వము పి.వి.సి. గొట్టముల తయారీలో సీసపు పదార్థముల వాడుకను తొలగించుటకు 2021లో నియమావళిని వెలువరించినది. ప్రమాణ గుర్తు లేని చౌక గొట్టములను మంచినీటికి వాడరాదనుటకు ఇది ఒక బలమైన కారణము.

== గోడ మూయుటకు ముందు ==

ప్లంబరు పనిలో గృహస్థు తప్పక ఇంటివద్ద ఉండవలసిన దినము ఒకటి కలదు. అది గొట్టములు బిగించిన తరువాత, గోడ గాడులను సిమెంటుతో మూయుటకు ముందు వచ్చు దినము. ఆ నాడు మూడు పనులు జరుగవలెను.

మొదటిది ఒత్తిడి పరీక్ష. కుళాయిలు రావలసిన చోట్ల బిరడాలు బిగించి, గొట్టములను నీటితో నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచుతారు. సాధారణముగా వాడుకలో ఉండు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పెంచి, కొంతసేపు ఉంచి, ముల్లు దిగకుండుటను చూస్తారు. ముల్లు దిగినచో ఏదో ఒక అతుకు కారుచున్నట్లు. గోడ తెరచి యున్నపుడు ఆ అతుకును మార్చుటకు గంట పట్టును. టైల్సు అతికించిన తరువాత అదే పనికి గోడ, టైల్సు, రంగు అన్నియు తిరిగి చేయవలసి వచ్చును.

రెండవది మురుగు గొట్టముల వాలు పరీక్ష. మరుగుదొడ్డికి వాడు 110 మిల్లీమీటర్ల గొట్టమునకు సుమారు 40 మీటర్లకు ఒక మీటరు, అనగా మీటరుకు 25 మిల్లీమీటర్ల వాలు ఇచ్చుట పరిపాటి. వాలు చాలనిచో మురుగు నిలిచిపోవును. వాలు మరీ ఎక్కువైనచో నీరు ముందుగా జారిపోయి ఘనపదార్థము వెనుక మిగులును. ఒక బకెట్టు నీరు పోసి, ఛాంబరు వద్ద నిలబడి చూచుట సులభమైన పద్ధతి. స్నానగది నేలకు వేసిన నీరు చొరని పూతను కూడా, టైల్సు వేయక ముందు, ఒకటి రెండు రోజులు నీరు నిలువకట్టి పరీక్షిస్తారు.

మూడవది పటము. ప్రతి గోడపై కొలబద్ద ఆనించి, గొట్టము నేలనుండి ఎంత ఎత్తున, మూలనుండి ఎంత దూరమున పోవుచున్నదో తెలియునట్లు ఛాయాచిత్రములు తీసి భద్రపరచవలెను. పదేండ్ల తరువాత అద్దము తగిలించుటకు మేకు కొట్టువారికి, లోపమును వెదకు మరియొక ప్లంబరుకు అదే ఆధారము.

గొట్టము దారి కొరకు దూలములను, స్తంభములను తొలుచుటకు గాని, అందలి ఇనుప ఊచలను కోయుటకు గాని ఏ ప్లంబరుకు అనుమతి ఇవ్వరాదు. గీజరుకు ఒత్తిడి వదలు సేఫ్టీ వాల్వును మూయకుండా ఉండవలెను. దాని విద్యుత్ తీగలు, ఎర్తింగు విద్యుత్ పనివాడే చూడవలెను.

== మంచినీటి రక్షణ ==

రోజులో కొద్ది గంటలే నీరు వచ్చు పట్టణములలో, సరఫరా ఆగినపుడు గొట్టములోని ఒత్తిడి పడిపోవును. అప్పుడు గొట్టమునకు చిల్లు ఉన్నచోట బయటి మురుగు లోనికి చొరబడగలదు. కుళాయి గొట్టమునకు నేరుగా మోటారు బిగించి నీటిని లాగుట వలన ఈ ప్రమాదము మరింత పెరుగును. పొరుగువారికి నీరు తగ్గును. నీటి సరఫరా సంస్థలు దీనిని నిషేధించి, పట్టుబడినచో మోటారును స్వాధీనము చేసికొంటాయి. నీటిని మొదట భూమిలోని సంపులోనికి తానై రానిచ్చి, అక్కడి నుండి మోటారుతో పైకి ఎక్కించుట సరియైన పద్ధతి.

మంచినీటి గొట్టము మురుగు గొట్టమునకు దూరముగా, దానికంటె ఎత్తున పోవలెను. బోరు నీటి గొట్టమును పురపాలక సంఘపు గొట్టముతో కలుపరాదు. ట్యాంకుకు మూత, పొర్లు గొట్టమునకు వల ఉండవలెను.

== సెప్టిక్ ట్యాంకు ==

మరుగుదొడ్డి పొంగినపుడు గృహస్థు మొదట పిలుచునది ప్లంబరునే. గొట్టములో అడ్డు పడినచో అతడు పొడవాటి తీగతో గాని, యంత్రముతో గాని తొలగించగలడు. ట్యాంకు నిండినచో అది అతని పని కాదు. ప్లంబరును గాని, అతడు వెంట తెచ్చిన కూలివానిని గాని ట్యాంకులోనికి దిగుమని ఎట్టి పరిస్థితిలోను కోరరాదు. తానై దిగుదునన్నను అంగీకరింపరాదు.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్ వంటి వాయువులు నిండియుండును, ప్రాణవాయువు తక్కువగా ఉండును. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. గాఢత పెరిగినచో ముక్కు ఆ వాసనను గుర్తించు శక్తిని కోల్పోవును. అందుచేత వాసన లేకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. మూత తీసి కొంతసేపు ఉంచుట, దీపము దించి చూచుట వంటి పాత పద్ధతులు రక్షణ కావు. మంట వలన మీథేన్ అంటుకొనగలదు. లోపల పడినవానిని రక్షింపబోయి దిగినవారు కూడా మరణించుట ఇట్టి దుర్ఘటనలలో తరచుగా జరుగును. అట్టి సమయమున దిగక, అగ్నిమాపక దళమును పిలువవలెను.

మానవ పారిశుద్ధ్య పనివారి నియామక నిషేధము, పునరావాస చట్టము 2013లో వచ్చినది. దాని 7వ సెక్షను ప్రకారము మురుగు కాలువను గాని, సెప్టిక్ ట్యాంకును గాని ప్రమాదకరముగా శుభ్రపరచుటకు ఎవరిని, నేరుగా గాని, మరొకరి ద్వారా గాని, నియమింపరాదు. ఈ నిషేధము ప్రభుత్వ సంస్థలకే కాక ప్రతి వ్యక్తికి వర్తించును. మొదటిసారి ఉల్లంఘనకు రెండేండ్ల వరకు జైలు, లేక రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఇట్లు మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల పరిహారము ఇవ్వవలెనని సుప్రీం కోర్టు 2014 మార్చి 27న ఆదేశించినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది.

ట్యాంకును యంత్రముగల బండితోనే ఖాళీ చేయించవలెను. ఇందుకు పురపాలక సంఘమును సంప్రదింపవచ్చును. 14420 అను జాతీయ సహాయ సంఖ్య 2020లో ప్రవేశపెట్టబడినది. ట్యాంకును రెండు మూడేండ్లకొకసారి ఖాళీ చేయించు ఇండ్లలో పొంగిన దినపు తొందర ఉండదు. ఆ తొందరయే మనిషిని దింపు ఆలోచనకు దారితీయును.

== ఖర్చు ఎవరిది? ==

'''అద్దె ఇండ్లు''': 2021లో కేంద్ర ప్రభుత్వము రూపొందించిన నమూనా అద్దె చట్టము మరమ్మతులను విభజించినది. దాని ప్రకారము గొట్టములు మార్చుట యజమాని బాధ్యత. కుళాయిల వాషర్లు, కుళాయిలు మార్చుట, కాలువ శుభ్రపరచుట, మరుగుదొడ్డి, వాష్‌బేసిన్, గీజరు మరమ్మతులు అద్దెకున్నవారి బాధ్యత. ఇది నమూనా మాత్రమే గనుక రాష్ట్రము స్వీకరించినచోటనే చట్టబలము కలుగును. అద్దె పత్రములో వ్రాసికొనుట ఉత్తమము.

'''అపార్ట్‌మెంట్లు''': అందరికి చెందిన నిలువు గొట్టములు సంఘపు ఖర్చుతో, ఫ్లాటు లోపలి గొట్టములు ఆ యజమాని ఖర్చుతో బాగు చేయుట వాడుక. పై ఫ్లాటు స్నానగది నుండి క్రింది ఫ్లాటు కప్పులోనికి నీరు దిగినచో, తప్పు ఎవరిదని వాదించుకొనుటకు ముందు ఇరువురి సమక్షమున ప్లంబరు చేత పరీక్ష చేయించవలెను. పై ఫ్లాటు కుళాయిలను ఒకటి తరువాత ఒకటిగా మూసి చూచినచో గొట్టమా, నేలపూతయా అనునది తేలును.

'''కొత్త ఫ్లాట్లు''': స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము (2016) 14వ సెక్షను ప్రకారము, స్వాధీనము ఇచ్చిన అయిదేండ్లలోపు పనితనపు లోపము కనిపించి ఫిర్యాదు చేసినచో, నిర్మాణ సంస్థ ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలెను. అందువలన కొత్త ఫ్లాటులో గోడ చెమ్మగిల్లినచో, సొంత ఖర్చుతో పగులగొట్టుటకు ముందు నిర్మాణ సంస్థకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

== వివాదములు ==

చేసిన పని చెడినపుడు మొదట అదే ప్లంబరును పిలిచి చూపుట న్యాయము. లోపము అతని అతుకులో ఉన్నదా, గొట్టపు తయారీలో ఉన్నదా, తరువాత ఎవరో కొట్టిన మేకు వలన వచ్చినదా అనునది తెరచి చూచినగాని తెలియదు. తెరచుటకు ముందు, తరువాత ఛాయాచిత్రములు తీసికొనవలెను.

సొమ్ము చెల్లించి పొందిన సేవలో లోపమున్నచో వినియోగదారుల రక్షణ చట్టము (2019) క్రింద జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. రెండేండ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఒప్పందపు కాగితము, రసీదులు, ఛాయాచిత్రములు లేనిచోట ఇట్టి ఫిర్యాదు నిలుచుట కష్టము.

== ఇవి కూడా చూడండి ==

* కుళాయి
* సెప్టిక్ ట్యాంకు
* ఉస్మాన్‌సాగర్
* మిషన్ భగీరథ
* వినియోగదారుల రక్షణ చట్టము